రేగడి చూసి ఆగినారు: మన పెద్దలు ఈ నల్లమన్ను మీదే ఎందుకు బండ్లు విప్పినారు?

మా అవ్వ ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో వలస కథ ఒక్కటే. ఉత్తరాన మన ఊళ్ళో ఎవరో పెద్ద అధికారి మన ఇంటి ఆడపిల్లను అడిగినాడట. ఇవ్వడానికి మనసొప్పక రాత్రికి రాత్రి గొడ్డూ గోదా, పిల్లా జెల్లా కట్టుకుని దక్షిణానికి బయల్దేరినారట. దారిలో ఏరు నిండుగా పారుతుంటే గట్టు మీది కానుగ చెట్టు వంగి దారి ఇచ్చిందట. ఈ కథ మా ఇంటిది మాత్రమే కాదు. తమిళనాట తెలుగు మాట్లాడే చాలా కుటుంబాల్లో, చాలా కులాల్లో, చెట్టు వంగిన కథ ఏదో ఒక రూపంలో ఉంది. మీ ఇంట్లోనూ వినే ఉంటారు.

చిన్నప్పుడు నాకు ఏరు దాటిన కథ కన్నా దాని తర్వాతది అర్థమయ్యేది కాదు. ఏరు దాటేశారు, ప్రాణాలు దక్కినాయి, సరే. మరి పచ్చగా వరి పండే తామ్రపర్ణి ఒడ్డుకు పోకుండా, చెరువు నీళ్ళు కూడా చాలని ఈ కోవిల్‌పట్టి, విళాత్తికుళం పక్క ఎందుకు ఆగినట్టు? అవ్వను అడిగితే ఒకటే మాట చెప్పేది: "మన్ను చూసి ఆగినారు రా. రేగడి చూసినారు, ఆగినారు."

ఆ మాట గురించి నేను మళ్ళీ ఆలోచించింది పోయిన ఐప్పసిలో. మా కుటుంబానికి ఇంకా ఉమ్మడిగా మిగిలిన నల్లమన్ను చేను నాలుగు ఎకరాలు. దాన్ని సోలార్ పలకలు పెట్టుకోవడానికి అడుగుతున్నారు. వచ్చిన కాగితంలో ఆ భూమి పేరు ముందు 'తరిసు' అని రాసి ఉంది. అంటే బీడు, పనికిరాని నేల. చిన్నాయన ఆ కాగితం నా చేతికిచ్చి, "మన ఇంటి చరిత్ర రాస్తానంటివి కదా, ముందు ఈ చేను చరిత్ర రాయి. అది చదివినాక కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు. అందుకే ఈ వ్యాసం. మా ఇంటి వాళ్ళ కోసం మొదలుపెట్టినా, నల్లమన్ను మీద బతికిన ప్రతి తెలుగు ఇంటికీ ఇందులో కొంత భాగం ఉంటుందని అనుకుంటున్నాను.

ఊరు ఎర్రమన్ను మీద, చేను నల్లమన్ను మీద

మా ఊరికి వచ్చిన వాళ్ళు మొదట గమనించేది ఇళ్ళన్నీ మెరక మీద, ఎర్రమన్నులో ఉండటం. చేలు పల్లంలో, నల్లమన్నులో ఉంటాయి. మధ్యలో పట్టుమని ఒక మైలు కూడా ఉండదు. ఇది తెలిసి చేసిన ఏర్పాటే. నల్లమన్ను వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. దాని మీద కట్టిన గోడ నాలుగేళ్ళు నిలవదు. మా పెదనాన్న ఒకాయన మాట వినకుండా చేని గట్టునే ఇల్లు కట్టినాడు. పునాది కింద ఎర్రగ్రావెల్ నింపడానికి డబ్బు చాలలేదు. రెండో ఏడు గోడ బీటలో నా చెయ్యి పట్టింది.

ఎండాకాలం ఆ చేలో నడిచిన వాళ్ళకు తెలుసు. నేల నోళ్ళు తెరుచుకుని ఉంటుంది. కొన్ని పగుళ్ళు మీటరు లోతుకు పైనే పోతాయి. మేకపిల్ల కాలు ఇరుక్కుంటుందని చిన్నప్పుడు మమ్మల్ని కాపలా పెట్టేవాళ్ళు. పై మన్ను పొడి పొడిగా రాలి ఆ పగుళ్ళలో పడుతుంది. వాన పడగానే మన్ను ఉబ్బి పగుళ్ళు మూసుకుంటాయి. లోపల పడ్డ మన్నుకు చోటు చాలక, అడుగు మన్ను పక్కలకూ పైకీ తోసుకొస్తుంది. ఏటేటా ఇదే తిరుగుడు. అందుకే తనను తాను దున్నుకునే నేల అంటారు దీన్ని. చిన్నాయన బావి కోసం గొయ్యి తీయించినప్పుడు నాలుగడుగుల కింద మట్టి పెళ్ళలు నూనె రాసినట్టు నున్నగా, ఏటవాలుగా మెరుస్తూ కనిపించినాయి. ఉబ్బిన మట్టి ఒకదాని మీద ఒకటి రాసుకుని జారినందువల్ల వచ్చిన మెరుపు అది. ఇంకా కిందికి పోతే తెల్లటి సున్నపు గులకలు.

మరి ఒకే ఊళ్ళో, ఒకే వానలో, ఇంటి కింద ఎరుపు, చేని కింద నలుపు ఎట్లా వచ్చినాయి? ఇక్కడే అసలు సంగతి మొదలవుతుంది.

రాయిదా గొప్ప, వానదా?

బళ్ళో మాకు చెప్పింది సులువైన మాట. దక్కన్‌లో అగ్నిపర్వతాల లావా చల్లారి నల్లరాయి అయింది, ఆ నల్లరాయి అరిగి నల్లమన్ను అయింది. ఇందులో అబద్ధం లేదు. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పారిన ఆ లావా ఇప్పటికీ మహారాష్ట్రలో, దాని చుట్టుపక్కల సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు పరుచుకుని ఉంది. సోలాపూర్, నాందేడ్, ఆదిలాబాద్, తాండూరు పక్క నల్లమన్ను దాని బిడ్డే.

కాని కోవిల్‌పట్టి పక్క ఆ లావా రాయి లేదు. ఇక్కడ ఉన్నది అంతకన్నా ఎంతో పాతదైన నైస్ జాతి రాయి, చారల చారలుగా కనిపించే గట్టి రాయి. నంద్యాల పక్క నల్లరేగడి కింద చూస్తే అక్కడ సున్నపురాయి, పలకరాయి. అంటే తల్లిరాయి వేరు వేరు, పుట్టిన మన్ను మాత్రం ఒకే పోలిక.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. మహాబలేశ్వరం కొండ మీద ఉన్నది అచ్చం అదే దక్కన్ లావా రాయి. అయినా అక్కడి మన్ను నల్లన కాదు, ఇటుకలా ఎర్రన. ఎందుకంటే అక్కడ ఏడాదికి 5,000 మి.మీ. పైన వాన కురుస్తుంది. అన్ని నీళ్ళు రాయిలోని సున్నాన్నీ, మెగ్నీషియాన్నీ, చివరికి సిలికాను కూడా కడిగి సముద్రానికి తీసుకుపోతాయి. మిగిలేది ఇనుము, అల్యూమినియం తుప్పు. అదే కొండ దిగి తూర్పుకు, వాననీడలోకి వస్తే వాన ఎన్నో రెట్లు తగ్గిపోతుంది. కడిగేసేంత నీళ్ళు లేవు గనక సున్నం అక్కడే ఉండిపోతుంది, మన్ను నల్లగా, జిగురుగా తయారవుతుంది. తల్లి ఒక్కటే, పెంపకం వేరు.

ఈ సంగతిని మొదట పెద్ద ఎత్తున కళ్ళారా చూసి రాసినవాడు రష్యాకు చెందిన వాసిలీ దొకుచాయెవ్. 1870లలో అక్కడి గడ్డి మైదానాల్లో కరువులు వచ్చినాయి. దేశానికి అన్నం పెట్టే నల్లమన్ను ఎందుకు మోసం చేసిందో తేల్చమని అతనికి పని అప్పగించారు. వేల మైళ్ళు తిరిగి, గోతులు తీయించి, 1883లో 'రష్యా నల్లమన్ను' అనే పుస్తకం వేశాడు. అక్కడి వాళ్ళు ఆ మన్నును చెర్నోజెమ్ అంటారు. అర్థం నల్లనేల అనే. మన్నంటే అరిగిన రాయి ఒక్కటే కాదు, వాతావరణం, మొక్కలు, జంతువులు, నేల వాలు, కాలం అన్నీ కలిసి చేసిన వస్తువు అని అతను తేల్చినాడు. చల్లగా, తడిగా ఉన్న వాయవ్యపు అడవుల్లో బూడిదరంగు మన్ను. ఆగ్నేయంలో బాగా ఎండిన మైదానాల్లో గోధుమరంగు మన్ను. రెంటి మధ్య, మోకాటి ఎత్తు గడ్డి పెరిగే పట్టీలో నల్లమన్ను. 1941లో హాన్స్ జెన్నీ అనే శాస్త్రజ్ఞుడు అమెరికాలో ఇదే ఆలోచనను లెక్కల్లోకి దించి పుస్తకం రాశాడు. మన్నును చేసేవి ఐదు అని: వాతావరణం, జీవులు, నేల వాలు, తల్లిరాయి, కాలం.

మా ఊరి ఎరుపు నలుపుల చిక్కు ఈ ఐదింటిలో మూడోదానితో విడిపోతుంది. మెరక మీద పడ్డ వాన నిలవదు, జారిపోతుంది. పోతూ పోతూ అక్కడి సున్నాన్నీ మెగ్నీషియాన్నీ పల్లానికి మోసుకుపోతుంది. పైన మిగిలిన ఇనుము ఎండి ఎర్రబడుతుంది. పల్లంలో నీళ్ళు నిలిచి, పైనుంచి వచ్చిన సారమంతా చేరి, ఉబ్బే గుణం ఉన్న సన్నటి బంకమన్ను కుదురుకుంటుంది. రాయి ఒకటే, వాన ఒకటే, వాలు తేడా. మెరక పోగొట్టుకున్నదే పల్లం దాచుకున్నది.

మన్ను కూడా వలస వచ్చినదే

నాగపూర్‌లోని జాతీయ నేలల సర్వే సంస్థ శాస్త్రజ్ఞులు ఇంకో మాట చెప్తారు. ఇప్పుడున్న ఈ పొడి వాతావరణంలో ఇంత బంకమన్ను తయారు కావడం కష్టం. ఇప్పటికన్నా తడిగా ఉన్న పాత కాలంలో ఎక్కడో మెరకల మీద రాయి మెత్తబడి ఈ బంకమన్ను పుట్టింది. వాగుల వెంట కొట్టుకొచ్చి పల్లాల్లో చేరింది. తర్వాత వాతావరణం ఎండిపోయింది. ఎండిపోయింది గనకే అది మళ్ళీ కడుక్కుపోకుండా, మారిపోకుండా నిలిచింది.

ఇది చదివిన రోజు నాకు నవ్వు వచ్చింది. మనం వలస వచ్చినాం, మన్ను ఇక్కడిది అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపినాం. మన్ను కూడా పైనుంచి నీళ్ళ వెంట వచ్చి, ఆగే చోటు దొరికి ఆగినదే.

అయితే ఎండ మంచి మాత్రమే చేయలేదు. వాన తగ్గే కొద్దీ సున్నం గులకలుగా అడుగున పేరుకుంటుంది, సోడియం ఉప్పు మన్నులో పెత్తనం మొదలుపెడుతుంది. అప్పుడు నీళ్ళు లోపలికి దిగవు. చాలా చోట్ల నల్లమన్ను ఇట్లా పాడవుతోంది. కోవిల్‌పట్టి మన్నుకు ఒక అదృష్టం ఉంది. దాని అడుగున జిప్సం ఉంది. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని అదుపులో పెడుతుంది. అందుకే ఇంత ఎండలోనూ ఇక్కడ వాననీళ్ళు లోపలికి దిగుతున్నాయి. పెద్దలకు జిప్సం పేరు తెలియదు. ఏ చేలో నీళ్ళు ఇంకుతాయో, ఏ చేలో నిలిచి మురుగుతాయో మాత్రం బాగా తెలుసు.

చెట్టు నిలవదు, గడ్డి నిలుస్తుంది

ఇంత సారమున్న నేల మీద పెద్ద అడవి ఎందుకు లేదు? ఏడాదికి సుమారు 700 మి.మీ. వాన, అందులో ఎక్కువ భాగం ఐప్పసి, కార్తీకాల్లో ఈశాన్య రుతుపవనంతో వచ్చేది. మిగతా నెలలన్నీ ఎండ. నేల పగిలినప్పుడు చెట్టు వేళ్ళు తెగుతాయి. కరువేలం, అంటే మన నల్లతుమ్మ లాంటి మొండి చెట్లే తట్టుకుంటాయి. గడ్డికి మాత్రం ఈ నేల అనువు. దాని వేళ్ళు సన్నం, గుబురు. తెగితే మళ్ళీ వేస్తుంది. ఎండలో చచ్చినట్టు పడి ఉంటుంది, మొదటి వానకు లేస్తుంది.

అది గడ్డి నేల అనడానికి సాక్ష్యాలు ఇప్పటికీ ఉన్నాయి. తూత్తుకుడి జిల్లా వల్లనాడులో కృష్ణజింకలు ఉన్నాయి. దేశంలో కృష్ణజింకకు దక్షిణాన చిట్టచివరి నెలవు అదే. కృష్ణజింక దట్టమైన అడవి జంతువు కాదు, బయలు జంతువు. ఇంకొంచెం ఉత్తరాన కరూర్, ఈరోడ్, తిరుప్పూర్ పక్క కొళుక్కట్టై గడ్డి పెంచిన కొరంగాడు మేతబీళ్ళు ఉన్నాయి. ముళ్ళకంచె కట్టి, మధ్యలో చెట్లు వదిలి, తరతరాలుగా కాపాడుకున్నవి. కాంగేయం ఎద్దుల బలం ఆ గడ్డిదే.

ఇక్కడ రష్యా నల్లమన్నుకూ మన నల్లమన్నుకూ ఉన్న తేడా చెప్పుకోవాలి. పేరు ఒకటే, రంగు ఒకటే, లోపలి సంగతి వేరు. అక్కడి నలుపు గడ్డి వేళ్ళు కుళ్ళిన సారం వల్ల వచ్చింది. వేసవిలో గడ్డి పెరుగుతుంది, చలికాలం నెలల తరబడి నేల గడ్డకడుతుంది. కుళ్ళించే సూక్ష్మజీవులకు పని ఆగిపోతుంది. వేల ఏళ్ళు అట్లా పోగుపడింది. మన దగ్గర నేలకు సెలవు లేదు. ఏడాది పొడుగునా వేడి, తడి తగిలితే చాలు కుళ్ళిపోయి గాలిలో కలిసిపోతుంది. జెన్నీ అమెరికా మైదానాల్లో లెక్క చూశాడు. సగటు ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే మన్నులో సేంద్రియ సారం రెండు మూడు రెట్లు పెరుగుతుందని తేలింది. మన నల్లమన్నులో సేంద్రియ కర్బనం మామూలుగా ఒక శాతం కూడా ఉండదు. ఆ కొంచెం సారమే బంకమన్ను రేణువులను గట్టిగా పట్టుకుని అంత నలుపు ఇస్తోంది. చూపుకు ఉన్నంత కలిమి లోపల లేదు. అందుకే మన పెద్దలు పంట కోసినాక చేలో గొర్రెల మంద కట్టించేవాళ్ళు. ఇక్కడ దాన్ని కిడై అంటారు. మంద రాత్రి పడుకున్న చేను తర్వాతి పంటలో తెలిసిపోతుంది.

మాట కూడా మనదే

బ్రిటిష్ వాళ్ళ పాత భూగర్భ నివేదికల్లో ఈ మన్నును 'రేగర్' అని రాసినారు. ఇప్పటికీ భూగోళ పుస్తకాల్లో అదే పేరు. ఆ మాట మన తెలుగు రేగడి నుంచే వచ్చిందని సాధారణంగా చెప్తారు. తమిళంలో దీన్ని కరిసల్ అంటారు. మా ఊళ్ళో బజార్లో కరిసల్, ఇంట్లో రేగడి. బజార్లో పరుత్తి, ఇంట్లో పత్తి. ఇప్పటి పిల్లలు ఇంట్లో కూడా కరిసల్ అనే అంటున్నారు. దాన్ని తప్పు పట్టను. కాని ప్రపంచం అంతా అప్పు తీసుకున్న మాటను సొంత ఇంట్లో మరిచిపోవడం కొంచెం బాధగా ఉంటుంది.

కరిసల్ అనే మాటకు సాహిత్యంలో చోటు తెచ్చినవాడు కూడా తెలుగు ఇంటివాడే. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలో రాసిన 'గోపల్ల గ్రామం' ఇట్లా వలస వచ్చిన తెలుగు కుటుంబాల కథే. దాని తర్వాతి భాగం 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కరిసల్ పల్లెల మాటలతో ఆయన ఒక నిఘంటువు కూడా కూర్చినాడు. ఇంట్లో తెలుగు మాట్లాడి, తమిళంలో ఈ మన్ను గురించి రాసిన ఆ పెద్దాయన 2021లో కన్నుమూశారు.

మన్ను పటం, మనుషుల పటం

ఇప్పుడు అవ్వ మాటకు వస్తాను. మన్ను చూసి ఆగినారా?

1529 ప్రాంతంలో విజయనగరం తరఫున విశ్వనాథ నాయకుడు మదురై పాలనకు వచ్చాడు. నాయకుల కాలంలో నాడు 72 పాళయాలుగా ఏర్పడిందని చెప్తారు. తిరునెల్వేలి సీమలో పాళయాలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తు పెట్టి చూడండి. పడమట కొండల దాపున ఉన్నవి ఎక్కువగా మరవర్లవి. తూర్పున నల్లమన్ను మీద ఉన్న ఎట్టయపురం, పాంచాలంకుఱిచ్చి లాంటివి తెలుగు మాట్లాడేవాళ్ళవి. 1799 అక్టోబరులో కయత్తారులో ఉరితీయబడిన కట్టబొమ్మన్ ఆ పాంచాలంకుఱిచ్చి పాళయగాడే.

డేవిడ్ లడ్డెన్ అనే చరిత్రకారుడు తిరునెల్వేలి రైతుల చరిత్ర మీద 1985లో ఒక పుస్తకం వేశాడు. సీమను అతను మూడు భాగాలుగా చూస్తాడు: తామ్రపర్ణి నీళ్ళు పారే మాగాణి, చెరువూ బావీ కలిసిన మిశ్రమ భాగం, వాన మీదే బతికే మెట్ట. మాగాణి అప్పటికే ఎన్నో వందల ఏళ్ళుగా వెళ్ళాళర్ల, బ్రాహ్మణుల చేతిలో ఉంది. ఆగ్నేయంలో తేరి అనే ఎర్ర ఇసుక దిబ్బల మీద తాడిచెట్లు, నాడార్లు. వలస వచ్చిన వాళ్ళకు తామ్రపర్ణి ఒడ్డున ఎవరు చోటిస్తారు? మిగిలింది మెట్ట. మెట్టలో నల్లమన్ను మనవాళ్ళకు కొత్త కాదు. బళ్ళారి, కర్నూలు, గుంటూరు సీమల్లో దాని గుణం ఎరిగినవాళ్ళు. ఎప్పుడు దున్నాలో తెలియకపోతే ఆ నేల ఎవరికీ లొంగదు. తడి ఎక్కువైతే నాగలికి మెత్తుకుంటుంది, ఎండితే బండ. ఆ మధ్య ఉన్న నాలుగు రోజుల అదను పట్టుకోవాలి. గడ్డి పట్టిన నేలను మొదటిసారి విరగదున్నాలంటే పెద్ద నాగలి, దానికి చాలా జతల ఎడ్లు కావాలి. అదను తెలిసినవాళ్ళు, ఎడ్లు ఉన్నవాళ్ళు, కలిసి పని చేసే బంధుగణం ఉన్నవాళ్ళు ఇక్కడ నిలిచినారు.

అంటే అవ్వ చెప్పింది నిజమే, కాని సగం నిజం. మన్ను చూసి ఆగినారు. వేరే మన్ను దొరకక కూడా ఆగినారు. ఆడపిల్ల కథను నేను కొట్టిపారేయను. అది నిజంగా జరిగిందా లేదా అన్నది వేరే మాట. గౌరవం కోసం వచ్చినాం అని చెప్పుకోవడం, బతకడానికి నేల వెతుక్కుంటూ వచ్చినాం అని చెప్పుకోవడం కన్నా సులువు. రెండోది చెప్పుకోవడంలో కూడా చిన్నతనం ఏమీ లేదని నాకిప్పుడు అనిపిస్తోంది.

తర్వాతి కథ పత్తిది. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం. ఇంగ్లండు మిల్లులకు అక్కడి పత్తి ఆగిపోయింది, మన పత్తి ధర ఎగిరింది. 1876కల్లా మదురై నుంచి తూత్తుకుడి రేవుకు రైలు వచ్చింది, కోవిల్‌పట్టి మీదుగానే. 1901లో కోవిల్‌పట్టిలో వ్యవసాయ పరిశోధనా క్షేత్రం పెట్టినారు. ఈ మన్నుకు తగిన కరుంగణ్ణి పత్తి రకాలకు పేరు వచ్చింది. ఈ సీమలో మేడలు లేచింది పత్తి డబ్బుతోనే. దేశంలో ఇంకోచోట, సోలాపూర్‌లో, తెలంగాణ నుంచి పోయిన పద్మశాలీలు మగ్గాల మీద నిలదొక్కుకున్నారు. అక్కడా చుట్టూ నల్లమన్నే. కోవిల్‌పట్టి, శివకాశిల్లో అగ్గిపెట్టెల, టపాసుల పని పెరగడానికి కూడా ఈ పొడిగాలి ఒక కారణం. పంట ఇవ్వని నెలల్లో ఆ పనే కూడు పెట్టింది.

ప్లేనోలో అదే బీట

మా పిన్ని కూతురు అమెరికాలో డాలస్ పక్కన ప్లేనోలో ఉంటుంది. పోయినేడు వీడియోలో ఇల్లు చూపిస్తూ, పునాది చుట్టూ చిల్లుల పైపు వేసి వేసవిలో నీళ్ళు పెడుతున్నామని చెప్పింది. పెట్టకపోతే నేల ముడుచుకుని గోడలు బీటలిస్తాయట. నాకు పెదనాన్న ఇల్లు గుర్తొచ్చింది. "మీ పెరట్లో మన్ను ఏ రంగు?" అని అడిగితే, "నలుపే, వాన పడితే చెప్పులకు అంటుకుని వదలదు" అంది.

ఆమె ఇల్లు ఉన్నది టెక్సస్ నల్ల ప్రెయిరీ మీద. అక్కడ తల్లిరాయి లావా కాదు, నైస్ కాదు. పాత సముద్రం అడుగున పేరుకున్న సుద్దరాయి, సున్నపు బంకరాయి. పైన ఒకప్పుడు మనిషెత్తు గడ్డి. ఆ మన్ను పేరు హ్యూస్టన్ బ్లాక్, ఆ రాష్ట్రపు నేలగా గుర్తించినారు. అక్కడ కూడా తెల్లవాళ్ళు పత్తే వేసినారు. ఆ గడ్డి మైదానంలో ఒక శాతం కూడా ఇప్పుడు మిగల్లేదు. మిగతాదంతా పొలాలు, ఇళ్ళు. మన వాళ్ళు నాలుగువందల ఏళ్ళ కిందట ఒకసారి, ఇప్పుడు మళ్ళీ ఒకసారి, వెతుక్కోకుండానే అదే జాతి మన్ను మీదికి చేరినారు.

'తరిసు' అనే మాట

మళ్ళీ ఆ కాగితం దగ్గరికి వస్తాను. దాన్ని చూసి మొదట నాకు కోపం వచ్చింది. లక్షల ఏళ్ళ పనిని, నాలుగువందల ఏళ్ళ చాకిరీని ఒక్క మాటతో బీడు అనేసినారే అని. తర్వాత అవ్వ కథే గుర్తొచ్చింది. ఆ కథలో కూడా మన పెద్దలు వచ్చేటప్పటికి ఇక్కడ 'ఏమీ లేదు'. ఒట్టి బీడు, ముళ్ళు, పాములు. నిజంగా ఏమీ లేదా? గడ్డి ఉంది, జింకలు ఉన్నాయి, మందలు తోలుకుని వచ్చే గొర్రెల కాపరులు ఉన్నారు, వాళ్ళకు దారులు ఉన్నాయి. మనం దున్నినాక అవి జరిగి జరిగి వల్లనాడు గుట్ట దాకా పోయినాయి. మన పేరున పట్టా ఉన్నా, ఎడ్ల వెనక నడిచినవాళ్ళలో, పత్తి ఏరినవాళ్ళలో మన పట్టాలో పేరు లేనివాళ్ళే ఎక్కువ. గడ్డి నేలను చూసి బీడు అనడం సోలార్ వాళ్ళు కనిపెట్టింది కాదు. మనమూ అన్నాం.

కాబట్టి అమ్మవద్దు అని నేను శపథాలు చేయబోవడం లేదు. చిన్నాయనకు డెబ్భై దాటినాయి. వాన ఒక ఏడు కురిస్తే రెండేళ్ళు మొహం చాటేస్తోంది. అడవిపందులు మినుము మిగల్చడం లేదు. కౌలుకు కూడా ఎవరూ రావడం లేదు. చేను నిలబెట్టమని ప్లేనో నుంచి, చెన్నై నుంచి చెప్పడం సులువు. నేను కూడా చెన్నైలోనే ఉన్నాను.

నేను అడిగేది మూడు. ఒకటి, పై మన్ను తవ్వి అమ్మడానికి మాత్రం ఎవరికీ ఇవ్వవద్దు. పలకలు పాతికేళ్ళకు పోతాయి, మన్ను పోతే తిరిగి రాదు. రెండు, నాలుగు ఎకరాల్లో ఒక ఎకరం, ఆ ఓడ గట్టున ఉన్న ముక్క, దున్నకుండా గడ్డికి వదిలేద్దాం. సీమకరువేలం మొక్కలు మాత్రం ఏటా పీకిద్దాం. అది అప్పు తీర్చడం అనుకోండి. మూడు, ఏ కాగితం మీద సంతకం పెట్టినా, ఆ నేల పేరు ముందు తరిసు అన్న మాట కొట్టించి రేగడి అని రాయిద్దాం. అది ఆఫీసులో ఒప్పుకుంటారో లేదో. అడగడం మన పని.

తై నెలలో అందరం ఊళ్ళో కలుస్తున్నాం. వచ్చేవాళ్ళు ముందు ఇది చదివి రండి. ఇక మా ఇల్లు కాని పాఠకులకు ఒక మనవి. యానాం ఒండ్రు మీద, గంజాం ఎర్రమన్ను మీద, రాయచూరు రేగడి మీద ఉన్నవాళ్ళు, మీ ఇంట్లో మన్నుకు ఏమని పేర్లు ఉన్నాయో పెద్దవాళ్ళను అడిగి రాసి పెట్టండి. వలస కథ అడిగితే వాళ్ళు చెట్టు వంగిన సంగతే చెప్తారు. మన్ను ఎట్లా ఉండేదని అడగండి, ఇంకో కథ మొదలవుతుంది.